అంబాసిడర్ ఇంజన్ కట్టిస్తున్నారా? కంప్రెషన్, క్యామ్ ఒకేసారి తేల్చుకోండి

పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్ దించి కొత్తగా కట్టించేటప్పుడు రెండు సలహాలు తప్పకుండా వినిపిస్తాయి. హెడ్డు ఫేసింగ్ చేయించి (అడుగు తలం కోయించి) కంప్రెషన్, అంటే సిలిండర్లో మిశ్రమం నొక్కుకునే నిష్పత్తి, పెంచమని ఒకరంటారు. షార్ప్ క్యామ్ (వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్) వేస్తే పికప్ అదిరిపోతుందని ఇంకొకరంటారు. రెంటినీ వేర్వేరు పనులుగా చూసి, ఒకటి ఈ షాపులో, ఇంకొకటి ఆ షాపులో చేయించేస్తే ఖర్చంతా అయ్యాక బండి ముందుకన్నా మొద్దుగా నడిచే అవకాశం ఎక్కువ. సిలిండర్లో నిజంగా ఎంత ఒత్తిడి పుడుతుందో తేల్చేది ఆ రెండూ కలిసే. కాబట్టి లేత్ షాపుకి వెళ్లేముందే కాగితం మీద లెక్క పూర్తి కావాలి.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్ గురించి. బోరు (సిలిండర్ వ్యాసం) 73.025 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ ప్రయాణం) 88.9 మి.మీ., మూడు మెయిన్ బేరింగులు, క్యామ్ బ్లాకులో, వాల్వులు హెడ్డులో. ఐసుజు 1800 ఇంజన్‌కీ, డీజిల్‌కీ ఈ అంకెలు పనికిరావు.

బీఎంసీ ఈ ఇంజన్‌ని 7.2, 8.3 అని రెండు కంప్రెషన్లలో తయారు చేసింది. తక్కువది ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) తక్కువ ఉన్న పెట్రోలు దొరికే దేశాల కోసం. నాకింగ్ అంటే మిశ్రమం తనంతట తానే పేలి ఇంజన్ చప్పుడు చేయడం. మన దగ్గర ఒకప్పుడు మామూలు పెట్రోలు 83 ఆక్టేనే. ఆ పెట్రోలుకు 7.2 సరైన నిర్ణయం. ఇప్పుడు పరిస్థితి మారింది. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల నాటికే మామూలు పెట్రోలు 91 ఆక్టేన్ అయింది, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు 95. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది కాబట్టి లోపలికెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమం చల్లబడి, నాకింగ్ ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. ఈ పెట్రోలు పోస్తూ 7.2 దగ్గరే ఉండిపోవడమంటే చేతిలో ఉన్నదాన్ని వాడుకోకపోవడమే.

ఎంత లాభం? సిద్ధాంతం ప్రకారం 7.2 నుంచి 8.3కి వెళ్తే సామర్థ్యం దాదాపు నాలుగున్నర శాతం పెరుగుతుంది. 8.3 నుంచి 9కి వెళ్తే మరో రెండున్నర శాతం లోపే. మొదటి మెట్టులో దక్కింది రెండో మెట్టులో దక్కదు, ప్రమాదం మాత్రం రెండో మెట్టులోనే ఎక్కువ. ఇంకో మాట: కంప్రెషన్‌తో వచ్చిన లాభం 1200 ఆర్‌పీఎం దగ్గరా ఉంటుంది, 4000 దగ్గరా ఉంటుంది. క్యామ్ అలా కాదు, ఒక చోట ఇచ్చి ఇంకో చోట తీసుకుంటుంది.

ఇక అసలు లెక్క. 8.3 కంప్రెషన్ అంటే పిస్టన్ అడుగు నుంచి పైదాకా వచ్చేసరికి గాలి 8.3 రెట్లు నొక్కుకుపోతుందని అనుకుంటాం. కానీ పిస్టన్ అడుగు నుంచి పైకి బయల్దేరాక కూడా ఇన్‌లెట్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. అది మూసుకున్నాకే నొక్కడం మొదలవుతుంది. పాత సెలూన్ క్యామ్ కోణాలు 5-45-40-10. అంటే ఇన్‌లెట్ పై కేంద్రానికి (పిస్టన్ అన్నింటికన్నా పైనుండే చోటు) 5 డిగ్రీల ముందు తెరుచుకుని, కింది కేంద్రం దాటాక 45 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ కింది కేంద్రానికి 40 ముందు తెరుచుకుని, పై కేంద్రం దాటాక 10 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎంజీ స్పోర్ట్స్ కార్లలో ఇదే కుటుంబం ఇంజన్‌కి వేసిన క్యామ్ 16-56-51-21. దాంట్లో ఇన్‌లెట్ 56 డిగ్రీలకు గానీ మూసుకోదు.

కనెక్టింగ్ రాడ్ పొడవు 165.1 మి.మీ. పెట్టి లెక్కగడితే, 45 డిగ్రీల దగ్గర వాల్వు మూసుకునేసరికి 88.9లో ఇంకా 78.9 మి.మీ. ప్రయాణం మిగిలి ఉంటుంది. 56 దగ్గరైతే 73.5, ఇంకా షార్ప్ క్యామ్‌తో 66 దగ్గరైతే 67.6 మి.మీ. మాత్రమే. ఆ మిగిలిన ప్రయాణంతోనే అసలు కంప్రెషన్ వస్తుంది. స్టాటిక్ (వాల్వు సంగతి వదిలేసి మొత్తం స్ట్రోక్‌తో లెక్కగట్టిన) కంప్రెషన్ 7.2 ఉన్న ఇంజన్లో పాత క్యామ్‌తో అది 6.5. అదే ఇంజన్లో 56 క్యామ్ వేస్తే 6.1, 66 క్యామ్ వేస్తే 5.7. కంప్రెషన్ ముట్టుకోకుండా షార్ప్ క్యామ్ వేసిన అంబాసిడర్లు సిగ్నల్ దగ్గర లేవలేక ఫస్ట్ గేరులో గింజుకునేది ఇందుకే. తప్పు క్యామ్‌ది అనుకుని మళ్లీ ఇంజన్ విప్పుతారు, తప్పు జతలో ఉంటుంది.

ఇప్పుడు ఎదురు లెక్క చూడండి. 8.3 స్టాటిక్, పాత క్యామ్: 7.5. స్టాటిక్ 8.8, 56 క్యామ్: అదీ 7.45. రెండు ఇంజన్లూ పెట్రోలు విషయంలో దాదాపు ఒకే అవసరంతో ఉంటాయి. ఇనుప హెడ్డు, కార్బురేటర్, మన మే నెల ఎండలు, ఈ20 పెట్రోలు, ఇవన్నీ కలిపి చూస్తే ఈ ఇంజన్‌కి నేను పెట్టుకునే హద్దు ఈ 7.5. అది దాటితే విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, నిండుగా మనుషులతో, మూడో గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ నొక్కితే నాకింగ్ తాలూకు లోహపు చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వింటూ నడిపితే మొదట పిస్టన్ అంచులు తినేసినట్టు గుంటలు పడతాయి, తర్వాత టాప్ రింగు కింది గట్టు విరుగుతుంది, లేదా రెండు సిలిండర్ల నడుమ హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది.

మరి ఏ జత? అంబాసిడర్ బరువైన బండి, గేర్లు పొట్టి. టాప్ గేరులో గంటకు 80 కిలోమీటర్లకే ఇంజన్ 3000 దాటి తిరుగుతుంది. ఊళ్లో, జిల్లా రోడ్ల మీద నడిచే బండికి పాత క్యామ్ కోణాలే ఉంచి కంప్రెషన్ 8.3-8.4కి తీసుకురావడం అన్నింటికన్నా మంచి పని. నూటికి తొంభై బండ్లకు ఇదే చాలు. హైవే మీద ఎక్కువ తిరిగే బండి అయితే, కార్బురేటర్, సైలెన్సర్ పైపు కూడా మార్చే ఉద్దేశం ఉంటే 16-56 క్యామ్, 8.8 కంప్రెషన్ జత బాగుంటుంది. 3500 పైన ఊపిరి పీల్చుకున్నట్టు లాగుతుంది. 2000 కింద కొంచెం పోతుంది, ఐడ్లింగ్ కాస్త పెంచాలి. ఓవర్‌లాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే కోణం) 15 డిగ్రీల నుంచి 37కి పెరుగుతుంది మరి.

అంతకన్నా షార్ప్ క్యామ్ ఈ హెడ్డుకి వద్దు. ఈ హెడ్డులో నాలుగు సిలిండర్లకు రెండే ఇన్‌లెట్ పోర్టులు. 1, 2 ఒకటి పంచుకుంటాయి, 3, 4 ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండేకొద్దీ ఒకదాని మిశ్రమం ఇంకొకటి లాక్కుంటుంది. దానికి తోడు క్రాంక్‌కి మూడే బేరింగులు. 5500 పైన తిప్పాల్సిన అవసరం తెచ్చే క్యామ్ ఆ క్రాంక్‌కి శత్రువే.

కంప్రెషన్ కొలవడం ఊహతో చేయకండి. ‘ఇది 8.3 ఇంజన్’ అని అమ్మినవాళ్లు చెప్పినా సరే, గతంలో ఎవరు ఏ పిస్టన్లు వేశారో, హెడ్డు ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో తెలియదు. ముందు వాల్వు సీట్ల పని ముగించండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కాబట్టి, ఎగ్జాస్ట్ సీట్లకు గట్టి ఇన్సర్టులు ఎలాగూ వేయించాలి. సీటు కొత్తదైతే వాల్వు కూర్చునే ఎత్తు మారుతుంది, దాంతో చాంబర్ ఘనపరిమాణమూ మారుతుంది. అందుకని కొలత ఎప్పుడూ సీట్ల తర్వాతే.

వాల్వులు పెట్టి, సీట్ల చుట్టూ సన్నగా గ్రీజు రాసి, ప్లగ్గు బిగించి, హెడ్డుని బోర్లా తిప్పి లెవెల్‌గా ఉంచండి. 6 మి.మీ. అక్రిలిక్ షీటు ముక్కకి చిన్న రంధ్రం వేసి, అంచున గ్రీజు రాసి చాంబర్ మీద మూత వేయండి. కాలేజీ ల్యాబుల్లో వాడే 50 మిల్లీలీటర్ల గాజు బ్యూరెట్‌తో, రంగు కలిపిన కిరసనాయిలు ఆ రంధ్రంలోంచి నింపండి. చివరి గాలిబుడగ పోయాక ఎంత దిగిందో అదే చాంబర్. నాలుగూ కొలిచి, తేడా అర సీసీ లోపు ఉండేలా చిన్నవాటిని సాపు చేయాలి. ఇన్‌లెట్ వాల్వు పక్క గోడ దగ్గర కొంచెం తీస్తే గాలి దారి కూడా మెరుగవుతుంది. లోతుకి మాత్రం పోవద్దు, వెనక నీళ్ల జాకెట్ ఉంది.

పిస్టన్ పైన గుంట ఉంటే దాన్ని కూడా ఇలాగే కొలవాలి. పిస్టన్‌ని బ్లాక్ పైతలం నుంచి సరిగ్గా 10 మి.మీ. కిందికి దించి, చుట్టూ గ్రీజు అద్ది, షీటు పెట్టి నింపండి. 1 మి.మీ. ఓవర్‌సైజు (బోరింగ్‌తో పెంచిన) బోరులో 10 మి.మీ. ఎత్తు సిలిండర్ అంటే 43.0 సీసీ. అంతకు మించి ఎంత పడితే అంత గుంట. ఆ తర్వాత పిస్టన్‌ని పైకి తెచ్చి, బ్లాక్ తలం కన్నా ఎంత కిందుందో డయల్ గేజ్‌తో చూడండి. నాలుగు పిస్టన్లకూ చూడాలి, ఒక్కటి చూసి వదిలేయకూడదు. గ్యాస్కెట్‌ని బిగించి విప్పాక మందం ఎంతుంటుందో అదే లెక్కలోకి వస్తుంది. పెట్టెలోంచి తీసిన మందం పనికిరాదు.

ఒక ఉదాహరణ. ఈ అంకెలు లెక్క చూపించడానికే, మీ ఇంజన్‌వి మీరు కొలుచుకోవాలి. 1 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు, అంటే సిలిండర్‌కి 382.6 సీసీ. చాంబర్ 40 సీసీ, పిస్టన్ గుంట 12, గ్యాస్కెట్ 0.8 మి.మీ. మందంతో 3.6, పిస్టన్ 0.8 మి.మీ. కింద ఆగితే 3.4, టాప్ రింగు పైన సందు 0.6. మొత్తం 59.6. సిలిండర్‌ని దీంతో భాగించి 1 కలిపితే 7.42. మనకు కావాల్సింది 8.4. దానికి మొత్తం 51.7 ఉండాలి, అంటే 7.9 సీసీ తగ్గాలి.

అంతా హెడ్డులోంచే తీద్దామంటే? చాంబర్ అచ్చుని గ్రాఫ్ పేపర్ మీద గీసి గళ్లు లెక్కపెడితే విస్తీర్ణం తెలుస్తుంది. అది 34 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక మి.మీ. ఫేసింగ్‌కి 3.4 సీసీ పోతుంది. 7.9 సీసీకి 2.3 మి.మీ. కోయాలి. అంత కోసిన హెడ్డు పలచబడి వేడికి వంగుతుంది, తర్వాత ఇంకెప్పుడూ ఫేసింగ్‌కి పనికిరాదు. ఈ హెడ్లు కొత్తవి తయారు కావడం లేదన్నది గుర్తుంచుకోవాలి. దానికి బదులు గుంట తక్కువున్న పిస్టన్లు తీసుకోండి. 12 బదులు 6 సీసీ గుంటైతే పని ముప్పావు వంతు అక్కడే అయిపోతుంది. మిగిలిన 1.9 సీసీని హెడ్డులోంచి కాకుండా బ్లాక్ పైతలం నుంచి తీయించమంటాను. 0.44 మి.మీ. తీస్తే చాలు. అప్పుడు పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య సందు 1.6 నుంచి 1.16 మి.మీ.కి తగ్గుతుంది. ఆ సన్నని సందులోంచి మిశ్రమం చివరి క్షణంలో చాంబర్ మధ్యకు చిమ్ముకొస్తుంది, మంట త్వరగా పాకుతుంది, నాకింగ్ తగ్గుతుంది. అదే 8.4 కంప్రెషన్‌ని హెడ్డు కోసి తెస్తే ఈ లాభం రాదు. ఎలాగూ బ్లాకుని బోరింగ్‌కి విప్పి పంపుతున్నారు. ఆటోనగర్‌లో పెద్ద షాపుల్లో ఒకే చోట రెండు పనులూ అవుతాయి. సందు 1 మి.మీ. కన్నా తగ్గించకండి.

చెప్పిన అంకె కన్నా కొంచెం తక్కువే కోయించి, మళ్లీ కొలిచి, అవసరమైతే ఇంకోసారి కోయించడం మేలు. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేం.

క్యామ్ కొనేటప్పుడు పాతదాన్ని రీగ్రైండ్ చేయించడం (మళ్లీ సాన పట్టించడం), కొత్తది తెప్పించడం అని రెండు దారులు. రీగ్రైండ్ చౌక, మంచి షాపులో చేస్తే బాగానే ఉంటుంది. కానీ గట్టిపరచిన పైపొర ఎంత మిగిలిందో అడగండి, కాఠిన్యం కొలిచి చూపించమనండి. కొలవలేమంటే అక్కడ చేయించకండి. దేనికైనా సరే, ట్యాపెట్లు (క్యామ్ మీద ఆనే ముక్కలు) మాత్రం కొత్తవే వేయాలి. ట్యాపెట్ ముఖం చూడ్డానికి చదునుగా ఉన్నా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు వల్లే అది క్యామ్ లోబ్ (బొడిపె) మీద తిరుగుతూ అరుగుదలను ముఖమంతా పంచుకుంటుంది. పాత ట్యాపెట్ ముఖం గుంటపడి తిరగడం మానేస్తుంది, కొత్త క్యామ్ లోబ్‌ని కొద్ది గంటల్లోనే కొరికేస్తుంది.

క్యామ్ బిగించేటప్పుడు చైన్ చక్రాల మీది చుక్కలు కలిపి వదిలేస్తే సరిపోదు. క్రాంక్‌కి డిగ్రీ డిస్క్ పెట్టి, పిస్టన్ స్టాపర్‌తో అసలు పై కేంద్రం కనిపెట్టి, ఒకటో సిలిండర్ ఇన్‌లెట్ ట్యాపెట్ మీద డయల్ గేజ్ పెట్టండి. లిఫ్ట్ పూర్తిగా రావడానికి ముందూ తర్వాతా ఒకే రీడింగ్ వచ్చే రెండు డిగ్రీలు రాసుకుని, వాటి మధ్య బిందువు చూడండి. 5-45 క్యామ్‌కైనా, 16-56 క్యామ్‌కైనా అది పై కేంద్రం దాటాక 110 డిగ్రీల దగ్గర రావాలి. 114 వస్తే క్యామ్ 4 డిగ్రీలు వెనకబడినట్టు. అంటే ఇన్‌లెట్ 4 డిగ్రీలు ఆలస్యంగా మూసుకుంటుంది, మనం కష్టపడి తెచ్చిన కంప్రెషన్ అంత మేర పోతుంది. దీనికి ఆఫ్‌సెట్ కీ వేసి సరిచేయాలి. ఒకటి రెండు డిగ్రీలు ముందుకే ఉంచితే మంచిది, చైన్ సాగేకొద్దీ క్యామ్ వెనక్కే పోతుంది.

హెడ్డు, బ్లాక్ కోశాక పుష్‌రాడ్లు (ట్యాపెట్ కదలికను పైకి చేర్చే కడ్డీలు) అదే లెక్కన పొడవైనట్టవుతాయి, రాకర్ (వాల్వుని నొక్కే మీట) కోణం చెడుతుంది. రాకర్ స్టాండ్ల కింద షిమ్ములు వేసి, సగం లిఫ్ట్ దగ్గర రాకర్ వాల్వుకి లంబంగా ఉండేలా చూడాలి. లిఫ్ట్ పెరిగిన క్యామ్ అయితే పూర్తి లిఫ్ట్ దగ్గర స్ప్రింగు చుట్ల మధ్య మొత్తంగా ఇంకా 1 మి.మీ. పైన సందు మిగలాలి. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. ముద్ర దగ్గర మందం ఇన్‌లెట్ కింద కనీసం 1.5, ఎగ్జాస్ట్ కింద 2 మి.మీ. ఉండాలి.

ఈ20కి కార్బురేటర్ మిశ్రమం పలచబడుతుంది. దాదాపు 8 శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. సోలెక్స్ జెట్ల మీద అంకె రంధ్రం వ్యాసాన్ని మి.మీ.లో వందో వంతుల్లో చెబుతుంది. 120 ఉంటే 125 వేస్తే విస్తీర్ణం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, సరిపోతుంది. పలచని మిశ్రమంతో కంప్రెషన్ పెంచిన ఇంజన్ నడిపితే నాకింగ్ ఖాయం, ఎగ్జాస్ట్ వాల్వులు కాలడమూ ఖాయమే. రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి. డిస్ట్రిబ్యూటర్‌లో బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) ముందుగానే వచ్చేస్తుంది. వాక్యూమ్ పైపు పీకి టైమింగ్ లైట్‌తో చూసి, మొత్తం అడ్వాన్స్ 30-32 డిగ్రీలు దాటకుండా పెట్టాలి.

మొదటి స్టార్ట్‌కి ముందు లోబ్‌ల మీద, ట్యాపెట్ ముఖాల మీద మాలీ పేస్టు (మాలిబ్డినం కలిసిన గ్రీజు) దట్టంగా రాయాలి. ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో తిప్పాలి. స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎంకి తీసుకెళ్లి, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ 20 నిమిషాలు ఉంచండి. ఐడ్లింగ్‌లో వదలకండి, ఆ వేగంలో లోబ్ మీదికి ఆయిల్ చిమ్మడం చాలదు. ఇంజన్ ఆయిల్‌లో జింక్ ఉండాలి. కొత్త పెట్రోల్ కార్లకు వాడే పలచని 5డబ్ల్యూ-30 లాంటి ఆయిళ్లలో అది తగ్గించారు. 20డబ్ల్యూ-50 గానీ, ఏపీఐ సీఐ-4 రకం 15డబ్ల్యూ-40 గానీ పోయండి.

500 కిలోమీటర్ల తర్వాత చల్లటి ఇంజన్ మీద హెడ్డు నట్లు మళ్లీ టార్క్ చేసి, ఆ తర్వాత వాల్వు సందులు సరిచేయండి. పాత క్యామ్‌కి 0.38 మి.మీ., వేరే క్యామ్‌కి దాని కార్డులో రాసినంత. కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ చూసి రాసిపెట్టుకోండి, తేడా పది శాతం దాటకూడదు. 1000 కిలోమీటర్ల దగ్గర సందులు మళ్లీ చూసినప్పుడు ఏదో ఒక వాల్వు దగ్గర మాత్రమే సందు పెరిగి ఉంటే, స్క్రూ తిప్పి సర్దేసి ఊరుకోవద్దు. ఈ ఇంజన్‌కి బ్లాక్ పక్కన ట్యాపెట్ కవర్లున్నాయి. పుష్‌రాడ్ తీసి, కవర్ విప్పి, ఆ ట్యాపెట్‌ని బయటికి లాగి చూడండి. ముఖం మీద గుండ్రటి మెరుపు ఉంటే అది తిరుగుతోంది, కారణం ఇంకెక్కడో ఉంది. ఒకే గీతగా అరిగి ఉంటే తిరగడం లేదు, కింద లోబ్ పోతోంది. వెంటనే ఆయిల్ దించి ఫిల్టర్ కోసి చూడాలి. అందులో ఇనుప పొడి కనిపిస్తే బండిని ఇంక నడపకండి, ఆ పొడి నేరుగా బేరింగుల్లోకి వెళ్తుంది.